గోడలోని ఇనప పిడి

“ప్రమాదమే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల గోక్కుంటూ. “ఈ కొండల మీద చలికి ఇది మామూలే సార్. బొగ్గులు రాజేసుకుంటారు, కిటికీలు బిగించుకుంటారు, తెల్లారేసరికి లేవరు. ఈవిడ అదృష్టం బాగుండి ఊపిరి మిగిలింది. నాలుగు ముక్కలు రాసుకుని వెళ్ళిపోతాను.”

నేను గొంతు సవరించుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ సవరింపు ఇన్‌స్పెక్టర్ కోసం కాదు. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగిచూస్తున్న మా అత్తవారి తరఫు వాళ్ళ కోసం.

సెలవులకని ఈ సరస్సు ఒడ్డు ఊరికి నేను, నా భార్య, అత్తగారు, బావమరిది కలిసి వచ్చాం. లాడ్జిలో పైన గది మాది. సరిగ్గా దాని కింద గదిలో ఒక డాక్టరమ్మ ఒంటరిగా దిగింది. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆవిడ నా ఉద్యోగం ఏమిటని అడిగింది. ప్రైవేట్ డిటెక్టివ్‌నని చెప్పాను, కాస్త ఛాతీ విరుచుకునే. “ఓహో, మొగుళ్ళ వెనకాల తిరిగి ఫొటోలు తీస్తుంటారు, ఆ పనేనా?” అంది. హాలంతా గొల్లుమంది. మా బావమరిదైతే నీళ్ళు తాగుతున్నవాడు పొలమారి మరీ నవ్వాడు. ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారి దగ్గర నేను కూడబెట్టుకున్న మర్యాదంతా ఆ ఒక్క ముక్కతో ఊడ్చుకుపోయింది. “ఈ మాటకి మీరు బాధపడే రోజొస్తుంది” అనేసి లేచి వచ్చేశాను.

ఆ రోజు మరీ ఇంత తొందరగా వస్తుందని నేననుకోలేదు. పొద్దున్న కాఫీ పట్టుకెళ్ళిన వంటాయన భార్య ఎంత తలుపు కొట్టినా డాక్టరమ్మ పలకలేదు. తలుపు పగలగొట్టి చూస్తే మంచం మీద స్పృహ లేకుండా పడి ఉంది. వెంటనే లాంచీలో అవతలి ఒడ్డున ఉన్న ఆస్పత్రికి తరలించారు. తోడుగా వంటాయన భార్యే వెళ్ళింది.

“ఒక్క నిమిషం ఇన్‌స్పెక్టర్ గారూ,” అన్నాను. “ఈ గోడ పొయ్యిలో పొగ ఎటు పోతుంది?”

“గొట్టంలోంచి పైకి. ఇంకెటు పోతుంది?”

“మరి రాత్రి పోలేదేం?”

అతను ఆవులింత మింగాడు. నేను ఒక పాత పేపరు ఉండ చుట్టి అంటించి పొయ్యిలో పడేశాను. పొగ పైకి లేచినట్టే లేచి, దారి దొరకనట్టు వెనక్కి తిరిగి మా మొహాల మీదికే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దగ్గుతూ బయటికి నడిచాడు.

“గొట్టం మూసుకుపోయింది,” అన్నాను, నేను మాత్రం దగ్గకుండా ఓర్చుకుని. “ఎవరు మూశారో చూద్దాం, రండి.”

ఊరేగింపులా అందరూ నా వెనకాలే మేడ మీదికి వచ్చారు. మా గది ముందు నడవాలో, గోడలో పొగగొట్టం ఉబ్బెత్తుగా కనపడుతుంది. దాన్లోంచి జానెడు ఇనప పిడి ఒకటి బయటికి పొడుచుకు వచ్చి, కొక్కెంలా వంగిన కొనతో కిందికి వాలి ఉంది. నేను వంటాయన్ని ముందుకి పిలిచాను. పొయ్యిల పని కూడా అతనిదే.

“ఏమిటిది?”

“కింద గది గొట్టం మూతకి పిడయ్యా. పైకుంటే తెరిచినట్టు, కిందికి దించితే మూసినట్టు. ఎండాకాలం పిట్టలు దూరకుండా దించుతాం.”

“ఇప్పుడు ఎండాకాలమా?”

అతను పిడి వంక చూసి, నా వంక చూసి, తల అడ్డంగా ఊపాడు.

నేను పిడిని పైకి లేపి వదిలాను. ఎక్కడ పెట్టినది అక్కడే ఉండిపోయింది. “చూశారుగా, ఇది తనంతట తాను దిగదు. గోడంతా దుమ్ము, పిడి మీద మాత్రం దుమ్ము లేదు. సాయంత్రం మంట వేసినప్పుడే ఇది దిగి ఉంటే గదంతా పొగ కమ్మేసి అప్పుడే గోల అయ్యేది. కాబట్టి మంట చల్లారి బొగ్గులు మిగిలాక, అంటే భోజనాలయ్యాక దించారు. బొగ్గులకి పొగ రాదు, వాసన రాదు, వచ్చేది విషమే. ఇప్పుడు చెప్పు, భోజనాలయ్యాక మేడ మీదికి ఎవరొచ్చారు?”

“నేనే అయ్యా,” అన్నాడు వంటాయన. “మీ అత్తగారు వేడినీళ్ళు కావాలంటే ఫ్లాస్కు తెచ్చిచ్చాను.”

“డాక్టరమ్మ నిన్న నిన్నేమంది?”

“కూరలో ఉప్పెక్కువైందని ప్లేటు తోసేసింది. ఓనరుకి చెప్పి నన్ను పనిలోంచి తీయిస్తానంది. కోపంలో అంటారయ్యా, మామూలే. నేనేం మనసులో పెట్టుకోలేదు.”

“పెట్టుకున్నావని నేననలేదే?” అన్నాను. గుమ్మడికాయల దొంగ సామెత ఎవరికి వాళ్ళు గుర్తు తెచ్చుకునేలా కాస్త ఆగాను కూడా.

ఇన్‌స్పెక్టర్ ఊరుకోలేదు. “తొందరపడకండి సార్. వచ్చేపోయే టూరిస్టులు సవాలక్ష మంది. ఎవరైనా తెలియక లాగి ఉండొచ్చు.”

“తెలియక దీన్ని ఎవరూ లాగరు,” అన్నాను గొంతు పెంచి. “తెలియనివాడికి ఇది గోడలో ఒక ఇనప ముక్క. దీంతో వాడికేం పని? దించినవాడికి కింద ఏం జరుగుతుందో పూర్తిగా తెలుసు. ఇది ప్రమాదమూ కాదు, పొరపాటూ కాదు. హత్యాప్రయత్నం. మీ ఇష్టం, ప్రమాదమని రాసుకుంటారో, పదిమందిలో పేరు తెచ్చుకుంటారో!”

అతని కళ్ళలో నిద్ర వదిలింది. వంటాయన భుజం మీద చెయ్యి పడింది. “అయ్యా, నాకేం తెలీదయ్యా!” అంటున్నా వినకుండా కానిస్టేబుళ్ళు అతన్ని మెట్లు దింపి తీసుకుపోయారు. “బావా, ఇరగదీశావు!” అన్నాడు బావమరిది. వాడి గొంతులో ఎప్పుడూ ఉండే ఉత్సాహం లేదు గానీ, నేనది పట్టించుకోలేదు. నా భార్య తలుపుకి ఆనుకుని పాలిపోయిన మొహంతో నావంకే చూస్తోంది. నా తెలివికి దిగ్భ్రమ చెందిందనుకున్నాను. మగాడికి ఇంతకంటే ఏం కావాలి?

మధ్యాహ్నానికి వంటాయన భార్య ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చింది. మొగుణ్ణి పట్టుకెళ్ళారని రేవులోనే ఎవరో చెప్పారట. ఆ కబురు వినీ సరాసరి వంటింట్లోకి వెళ్ళి, అందరికీ టీ పెట్టి తెచ్చింది.

“డాక్టరమ్మకి ఎలా ఉంది?” అని అడిగాను.

“ఇంకా కళ్ళు తెరవలేదు బాబూ. పంచదార సరిపోయిందా?”

సరిపోయిందన్నాను. ఆవిడ తిట్టినా ఏడ్చినా నాకు తేలిగ్గా ఉండేది. పంచదార సంగతి అడిగేసరికి ఎక్కడో గుచ్చుకుంది. దోషి భార్య కూడా మనిషే కదా అని సర్దిచెప్పుకుని, టీ మాత్రం తాగేశాను.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చాడు. “వాడు ఒప్పుకోవట్లేదు సార్. సాయంత్రం లాంచీలో అవతలికి తీసుకెళ్తున్నా. అక్కడ మేం అడిగే పద్ధతి వేరు. పొద్దుటికల్లా ఒప్పుకుంటాడు. ఈలోపు మీరు ఇంకో ఆధారం దొరకబుచ్చుకుంటే కేసు గట్టిగా ఉంటుంది.”

ఆ ‘వేరే పద్ధతి’ ఏమిటో నాకు తెలుసు. ఈ వృత్తిలో ఉన్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా ఆధారం అన్న మాట వినగానే నా కాళ్ళు ఆగలేదు. టార్చి పట్టుకుని మళ్ళీ నడవాలోకి వెళ్ళాను. పిడి సరిగ్గా కింద, మెరుస్తున్న చెక్క నేల మీద తెల్లగా ఒక మరక ఉంది. నీళ్ళు బొట్లుబొట్లుగా కారి, నిలిచి, ఆరిపోయిన మరక. పిడి చివర గరుకులో నల్లటి ఉన్ని పోగులు రెండు చిక్కుకుని ఉన్నాయి.

ఎగిరి గంతేయబోయాను. వేలిముద్రలు పడకుండా తడిపిన ఉన్నిగుడ్డ చుట్టి మరీ పిడి లాగాడన్నమాట! వంటాయన చూడ్డానికి అమాయకుడే గానీ ఎంత ముందుచూపు! ఈ సంగతి ఇన్‌స్పెక్టర్ కంటే ముందు నా భార్యకి చెప్పాలనిపించింది. పోగుల్ని కాగితంలో మడిచి గదిలోకి పరిగెత్తాను.

ఆవిడ స్నానాలగదిలో పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నా నల్ల ఉన్ని కోటు. మెడ వెనక తగిలించుకునే పట్టీ మీద నిమ్మచెక్క పెట్టి పరపరా రుద్దుతోంది.

“ఏం చేస్తున్నావు?”

“మరక,” అంది తలెత్తకుండా. “తుప్పు మరక. చావట్లేదు.”

నా చేతిలో కాగితం, ఆవిడ ఒళ్ళో కోటు. లెక్క చెయ్యడానికి డిటెక్టివే అక్కర్లేదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర్నుంచి విసురుగా లేచి సరస్సు గట్టు మీదికి వెళ్ళాను. వాన పట్టుకుంది. ముద్దయి తిరిగొస్తే, “ఆ నీళ్ళోడే కోటు లోపలికి తేకు బాబూ, పరుపులు తడుస్తాయి” అంది అత్తగారు. నడవాలో బల్బు వెలగలేదు. చేతికి కొక్కెం తగిలింది. తగిలించాను. తడిసిన ఆ కోటు ఒక బస్తా అంత బరువుంది.

స్నానాలగది గడప మీదే చతికిలబడ్డాను.

“పొద్దున్న కోటు ఎవరు తీశారు?”

“నేనే. కింద కేకలు విని బయటికొస్తూ, దారికి అడ్డంగా ఉందని తీసి లోపల పడేశాను.”

“అప్పుడే తెలుసా నీకు?”

“అప్పుడు తెలీదు. మీరు అందర్నీ తీసుకొచ్చి పిడి మీద వేలు పెట్టి చూపించినప్పుడు తెలిసింది.”

“మరి చెప్పవేం?”

“ఎప్పుడు చెప్పను? మీరు ఆపితే కదా!” నిమ్మచెక్క బకెట్లోకి విసిరేసింది. “రాత్రి అంతమందిలో ఆవిడ మిమ్మల్ని అంటే మీ మొహం చూళ్ళేకపోయాను. పొద్దున్న ఆ మొహం మళ్ళీ వెలిగింది. ఒక్క క్షణం ఆగుదాం అనుకున్నాను. ఆ క్షణంలోనే అతన్ని తీసుకెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇంక నోరు పెగల్లేదండీ. అతని భార్య చేతి టీ తాగాను. సిగ్గులేకుండా తాగాను.”

గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. అంటే అంతా వింటూనే ఉంది. “చూడు బాబూ, నువ్వేం కావాలని చేశావా? ఆ డాక్టరమ్మ కళ్ళు తెరిస్తే వాణ్ణి వాళ్ళే వదిలేస్తారు. లేనిపోని గొడవ నెత్తినేసుకోకు.”

“తెరవకపోతే?” అన్నాను.

బావమరిది పెట్టె జిప్పు లాగుతూ వచ్చాడు. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల బావా! సామాను సర్దేశాను. రేపు పొద్దున్నే ఉడాయిద్దాం.”

“నీకూ తెలుసా?”

“కోటు నీళ్ళు నా చెప్పుల్లో కారాయి బావా, రాత్రే చూశాను. పొద్దున్న చెబితే తిడతావని ఊరుకున్నాను.”

ఇంటిల్లిపాదికీ తెలుసు, ఒక్క డిటెక్టివ్‌కి తప్ప. పొద్దున్న ఆ నడవాలో నేను చెయ్యి తిప్పుతూ ఉపన్యాసం దంచుతుంటే, నా వాళ్ళు ముగ్గురూ నా పరువు కోసం పళ్ళ బిగువున నిలబడ్డారు. వాళ్ళ మొహాల్లో నేను చూసింది మెచ్చుకోలు కాదు. తలుచుకుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. ఎక్కడికైనా పారిపోదామనిపించింది, బావమరిది సలహా ఒక్క క్షణం తియ్యగానే అనిపించింది కూడా. దాచడం ఎందుకు?

కింద లాంచీ కూత వేసింది. వంటాయన్ని ఎక్కిస్తున్నారన్నమాట. అవతలి ఒడ్డుకి చేరాక అడిగే పద్ధతి వేరు.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తాను.

రేవు చెక్కల మీద ఇన్‌స్పెక్టర్, ఇద్దరు కానిస్టేబుళ్ళు, మధ్యలో సంకెళ్ళతో వంటాయన ఉన్నారు. అతని భార్య ఒక దుప్పటి, అన్నం క్యారేజీ పట్టుకుని పక్కన నిలబడి ఉంది. లాడ్జిలో దిగిన జనం గట్టు మీద వినోదం చూస్తున్నారు. నిన్న రాత్రి నవ్విన మొహాలే అన్నీ.

“ఆపండి!” అన్నాను రొప్పుతూ. “అతను కాదు. ఆ పిడి దించింది నేను.”

ఇన్‌స్పెక్టర్ నన్ను కిందా మీదా చూశాడు. “ఏంటి సార్, ఇతని పెళ్ళాం ఏడిస్తే జాలేసిందా?”

“ఆవిడ ఏడవలేదు. రాత్రి నా తడి కోటు ఆ పిడికి తగిలించాను. బరువుకి దిగిపోయింది. కొక్కెం అనుకున్నాను.” గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనీ అనుకున్నాను, ఇంకేం మిగిలిందని?

ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి చాలా మెల్లగా మాట్లాడాడు. పొద్దున్నంతా అతన్ని నిద్రమొహం కింద జమకట్టానే గానీ, అతనికి అన్నీ గుర్తున్నాయి.

“తెలియక దీన్ని ఎవరూ లాగరు. ఎవరన్నారు సార్ ఆ మాట?”

“నేనే. అది నా పొరపాటు.”

“ప్రమాదమూ కాదు, పొరపాటూ కాదు అన్నారు కూడా. నేను ప్రమాదమని వదిలేద్దామంటే మీరే ఒప్పుకోలేదు. పోనీ, ‘ఈ మాటకి మీరు బాధపడే రోజొస్తుంది’ అని డాక్టరమ్మతో ఎవరన్నారు? హాల్లో ఉన్నవాళ్ళంతా చెప్పారు నాకు. వంటవాడికి ఒక కోపం ఉంటే మీకు ఇంకో కోపం ఉంది. ఇప్పటిదాకా ఆ సంగతి పక్కన పెట్టాను, ఎందుకంటే కేసు పట్టించింది మీరే కదా అని.”

పరువు పోతుందనే వచ్చాను. మెడకి చుట్టుకుంటుందని మాత్రం దారిలో ఎక్కడా తట్టలేదు.

“ఇన్‌స్పెక్టర్ గారూ, నాకు ఆ పిడి దేనికో తెలీదు. ఒట్టు. తెలిస్తే ఎందుకు తగిలిస్తాను? ఈ లాడ్జిలో నాకెవరూ చెప్పలేదు.”

“చెప్పాను కదా బాబూ,” అంది వంటాయన భార్య.

అందరం ఆవిడ వైపు తిరిగాం. ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది, అంతే.

“మీరు దిగిన రోజు గది చూపించింది నేనేగా. ‘బట్టలు ఎక్కడైనా ఆరేసుకోండి, ఈ పిడికి మాత్రం ఏదీ తగిలించకండి, కింద గదిలోవాళ్ళ ప్రాణం మీదికొస్తుంది’ అన్నాను. మీరు ఫోన్లో మాట్లాడుతూ తలూపారు. పొద్దున్న నేను ఆస్పత్రిలో ఉండిపోయాను. పిడి మాట ఇక్కడ ఎలా వచ్చిందో నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.”

గుర్తు తెచ్చుకోవాలని గింజుకున్నాను. ఆ రోజు ఫోన్లో మాట్లాడిన కేసు గుర్తుంది. పెట్టె చక్రం విరిగిపోవడం గుర్తుంది. గది ఎవరు చూపించారంటే, అక్కడ ఒక మనిషి ఉన్నట్టే గుర్తు లేదు. మనుషుల్ని చూసి బతికే వృత్తి నాది. పనివాళ్ళు మాట్లాడితే తలూపేసి ముందుకి నడవడం నాకెప్పుడు అలవాటైందో కూడా తెలియదు. ఆ రేవు మీద నిలబడి ఉంటే, నిన్న రాత్రి నవ్వు కంటే, పొద్దుటి ఉపన్యాసం కంటే, ఇదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

“అబద్ధం!” అని గట్టు మీంచి అత్తగారు అరిచింది. “మొగుణ్ణి తప్పించడానికి కథలల్లుతోంది!”

ఇన్‌స్పెక్టర్ చూపు నన్ను దాటి వెనక్కి వెళ్ళింది. నా భార్య ఎప్పుడు వచ్చిందో, తడి కోటు చేతి మీద వేసుకుని రేవు చెక్కల చివర నిలబడి ఉంది.

“అమ్మా, గది చూపించినప్పుడు మీరు పక్కనే ఉన్నారా?”

“ఉన్నాను.”

“ఈవిడ పిడి గురించి చెప్పిందా, లేదా? ఆలోచించుకుని చెప్పండి. మీ మాట మీదే అంతా ఉంది.”

“దానికేం గుర్తుంటుందండీ, పిచ్చిది!” అంది అత్తగారు.

నా భార్య నావైపు చూసింది. అడ్డంగా ఒక్కసారి తలూపితే చాలు, తను అబద్ధం చెప్పేసేది. నాకు ఖాయంగా తెలుసు. ఇన్నేళ్ళూ నా మర్యాద కోసం ఎన్ని మింగిందో, అది కూడా మింగేసేది. నేను తల ఊపలేదు. కళ్ళు మాత్రం దించుకున్నాను, ఆ చూపుని తట్టుకోలేక.

“చెప్పింది,” అంది నా భార్య. “రెండుసార్లు చెప్పింది. ఆయన తలూపారు.”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచి కోటు అందుకున్నాడు. కానిస్టేబులు వంటాయన సంకెళ్ళు విప్పాడు. అతను మణికట్టు రుద్దుకుంటూ, నావైపు చూడకుండానే వెళ్ళి భార్య పక్కన నిలబడ్డాడు. ఆవిడ దుప్పటి విప్పి అతని భుజాల చుట్టూ కప్పింది. లాంచీ నడిపేవాడు ఇంకోసారి కూత వేశాడు. ఇన్‌స్పెక్టర్ ఒక పక్కకి జరిగి, నాకు లాంచీలోకి దారిచ్చాడు.